గాజుపెట్టె వెనక సుద్దగీత

మా అత్తగారు చీమల సుద్ద గీసి నా ఊసరవెల్లులను చంపేసిందని అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో మా తెలుగువాళ్ళందరూ చెప్పుకుంటారు. ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్కుల్లో పులిహోర వడ్డించుకుంటూ చెప్పుకుంటారు. పుట్టినరోజుల్లో కేకు కోసేలోపు ఖాళీ దొరికితే చెప్పుకుంటారు. ఒక ఇంట్లో ఆమె గాజుపెట్టె చుట్టూ గీత గీసిందంటారు. ఇంకో ఇంటికి వెళ్ళేసరికి ఆ సుద్దను నూరి, క్యాల్షియం పొడి అనుకుని వాటి మేత పురుగులకు పట్టించి మరీ తినిపించిందంటారు. మొన్న ఒకావిడ నేనెవరో తెలియక నా కథ నాకే చెప్పింది. చివర్లో పగలబడి నవ్వింది కూడా.

అది అబద్ధం. కొంచెం అటూ ఇటూ కాదు, మొదలంటా అబద్ధం. నేను జువాలజీ చదివినదాన్ని. వాటిని తెచ్చింది నేను, మేపింది నేను, చచ్చాక చేతిలోకి తీసుకున్నదీ నేనే. ఈ సుద్ద కథ అందరికీ ఎందుకంత ముద్దొచ్చిందో కూడా నాకు తెలుసు. ఇందులో పోయినవి మూడు ఊసరవెల్లులే. నవ్వుకుని, చెయ్యి కడుక్కుని ఇంటికి పోవచ్చు. అసలు జరిగింది చెప్పుకుంటే సంగతి అక్కడితో ఆగదు. పక్కింటి అమ్మాయి కడుపులో ఉన్న బిడ్డ దాకా పోతుంది.

మా ఇల్లు ఆ వరసలో ఆఖరుది. వెనక చెక్క కంచె. కంచె అవతల ఎవరూ కొయ్యని గడ్డి నడుము ఎత్తున పెరిగిన పొడవాటి ఖాళీ జాగా. దాని చివర వాననీళ్ళ కోసం తవ్విన మడుగు. మడుగు దాటితే కిటికీలు లేని డేటా సెంటర్. అది పగలూ రాత్రీ ఒకే శ్రుతిలో రొద పెట్టేది. కొత్తలో వినిపిస్తుంది, తర్వాత చెవి దాన్ని వదిలేస్తుంది. గాలివానకు మా వీధిలో కరెంటు పోయి, ఇంట్లో ఫ్రిజ్ కూడా నోరు మూసుకున్నప్పుడు మళ్ళీ వినిపిస్తుంది. వాళ్ళకు కరెంటు పోదు.

ఆ ఖాళీ జాగా మాది కాదు. కానీ నా పురుగుల సంత అదే.

పిగ్మీ ఊసరవెల్లి తోకతో కలిపి నా బొటనవేలంత ఉంటుంది. చెట్టెక్కదు, రాలిన ఆకుల్లో మరో ఆకులా పడి ఉంటుంది. గడ్డం కింద చిన్న పొలుసుల కుచ్చు. గిన్నెలో నీళ్ళు పెడితే చూడదు, ఆకు మీద చుక్కలు చిలకరిస్తే నాకుతుంది. పాములూ బల్లులూ అమ్మే ఒక రెప్టైల్ షోలో ఒక మగదాన్ని, రెండు ఆడవాటిని కొని తెచ్చుకున్నాను. మా ఆయన పెట్టెలోకి చాలాసేపు చూసి, "ఇందులో ఏమైనా ఉందా, లేక ఆకులు కొనుక్కొచ్చావా?" అన్నాడు.

"ఉన్నాయి. మీలాగే, కదిలితే గానీ కనబడవు" అన్నాను. ఆయన ఆదివారాలు సోఫాలో ఎలా ఉంటాడో తెలిసినవాళ్ళకు ఇది అర్థమవుతుంది.

వీటికి షాపులో దొరికే పిల్ల కీచురాళ్ళే రోజూ వేస్తే కొన్నాళ్ళకు మొహం తిప్పేసుకుంటాయి. రకరకాలు కావాలి. పేనుబంక, పచ్చదోమ, పిల్లమిడతలు, సన్న రెక్కపురుగులు, గడ్డిలో తిరిగే సాలీడు పిల్లలు. పొద్దున మంచు ఆరాక గడ్డి మీద వల ఊడ్చినట్టు లాగాలి. ఇంటికి తెచ్చి, వాటి నోట పట్టనివన్నీ ఏరి వదిలేయాలి. మిణుగురు కనబడితే అసలు ఉంచకూడదు. ఒక్కటి మింగినా బల్లిజాతికి ప్రాణం మీదికొస్తుంది. ఇక మందు కొట్టిన గడ్డి జోలికి పోకూడదు. మా వీధిలో లాన్‌కు మందు కొట్టినవాళ్ళు చిన్న పసుపు జెండా గుచ్చి వెళతారు, పిల్లల్నీ కుక్కల్నీ రానివ్వొద్దని. జెండా కనిపిస్తే నేను రోడ్డుకు అవతలి పక్క నుంచి నడుస్తాను. వెనక ఖాళీ జాగాలో ఏనాడూ జెండా చూడలేదు. అందుకే అది నా సంత అయింది.

రెండు వేల పన్నెండు మే నెలలో అత్తగారు వచ్చారు, ఆర్నెల్లు ఉండడానికి. సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, ప్యాకెట్ల కొద్దీ చీమల సుద్ద.

"ఇది ఇక్కడ అమ్మరు అత్తయ్యా. విషమని."

"అమ్మరు గనకే తెచ్చాను. అమ్మితే ఎందుకు మోస్తాను?"

వచ్చిన వారంలోనే పంచదార డబ్బా చుట్టూ, బియ్యం డ్రమ్ము చుట్టూ, సింక్ కింద తెల్లగీతలు వెలిశాయి. నా ఊసరవెల్లుల గదిలోకి మాత్రం ఆ సుద్ద రాకూడదని గట్టిగా చెప్పాను. "సరేనమ్మా. నీ గీత నేను దాటను, నా గీత నువ్వు తుడవకు" అన్నారు. ఇది మొదట్లోనే చెబుతున్నాను, గుర్తు పెట్టుకోండి. ఆమె మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే. ఆ విషయంలో ఆమెకు ఆమె కొడుకు పోలిక రాలేదు.

గాజుపెట్టె మొదటిసారి చూసినప్పుడు కళ్ళజోడు పైకి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తారు.

"తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు. ఇదేంటే, తొండైనా కాలేదు?"

"ఇంతే పెరుగుతాయి అత్తయ్యా."

"పోనీ రంగులైనా మారుస్తాయా?"

"పెద్దగా మార్చవు."

"ఎదగదు, రంగు మార్చదు. మరి దీనికెందుకే ఆ పేరు? ఆ పేరుకు తగినవాళ్ళు మన చుట్టాల్లో బోలెడు మంది ఉన్నారు."

పిగ్మీని అరచేతిలో పెట్టుకుంటే సన్నగా వణుకుతుంది, ఫోన్ వైబ్రేటర్‌లో పెట్టినట్టు. పట్టుకున్నవాడిని బెదరగొట్టే ఎత్తు అది. ఆమెకు ఆ వణుకు తెగ నచ్చింది. "లోపల మోటారుందే దీనికి!" అని రోజుకోసారి చేతిలో పెట్టించుకునేవారు.

వారం తిరిగేసరికి వల కూడా ఆమెదే అయింది. నేను కొనుక్కొచ్చిన వల చూసి పెదవి విరిచి, తన పాత నైలాన్ చీర చెంగు కత్తిరించి, హ్యాంగర్ వంచి చుట్టూ కుట్టారు. పొలాలున్న ఇంట్లో పుట్టిన మనిషి. పచ్చదోమ ఆకు అడుగున ఉంటుందని, పేనుబంక లేతకొమ్మకే పడుతుందని నాకు పుస్తకం చెప్పింది, ఆమెకు మిరపచేను చెప్పింది. ఇద్దరం కంచె తలుపు తీసుకుని వెళ్ళేవాళ్ళం. డేటా సెంటర్ వైపు చూసి రోజూ ఏదో ఒకటి అనేవారు.

"అంత కొంపకు కిటికీ లేదేంటే? ఎవరుంటారు లోపల?"

"ఎవరూ ఉండరు. కంప్యూటర్లుంటాయి."

"మరి ఆ రొద?"

"అవి వేడెక్కకుండా ఫ్యాన్లు."

"మనుషులు లేని ఇంట్లో ఫ్యాన్లేసుకుని కూర్చున్నాయన్నమాట. నాకెందుకో ఆ ఇల్లు మంచిది కాదనిపిస్తుంది."

నేను నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నాకే చిరాకు.

ఆ జాగాలో గడ్డి మధ్య గంగపాయల కూర దుబ్బులు దుబ్బులుగా ఉండేది, నేలకు పరుచుకుని, ఎర్రటి కాడలతో. అమెరికావాళ్ళకు అది కలుపు. మా అత్తగారికి బంగారం దొరికినట్టయింది. నేను పురుగులు పడుతుంటే ఆమె కొంగులో కూర కోసేవారు. ఇంట్లో పప్పులో వేస్తే పుల్లపుల్లగా ఎంత బావుంటుందో చెప్పడానికి ఇది చోటు కాదు.

పక్కింట్లో వరంగల్ అమ్మాయి, మొగుడూ పెళ్ళాలిద్దరూ సాఫ్ట్‌వేర్. అంతకుముందు రెండుసార్లు పోయి, మూడోసారి నిలిచిన కడుపు. వాళ్ళమ్మకు వీసా రాలేదు. ఏం తిన్నా కక్కేది. అత్తగారు ఒకరోజు గిన్నెలో ఈ పప్పు పెట్టి పంపారు. అది కడుపులో నిలిచింది. ఇక చూడండి.

"అత్తమ్మా, మీ గంగవాయిలి కూర పప్పు లేకుంటే నాకు బువ్వ దిగుతలేదు. మా అమ్మ చేసినట్టే ఉన్నది" అని వచ్చి మా వంటింట్లో పీట మీద కూర్చునేది.

"నువ్వు తిను. లోపలివాడికీ అదే కావాలేమో" అనేవారు ఈమె. జూన్ నుంచి వారానికి నాలుగైదుసార్లు గిన్నె అటు వెళ్ళేది, ఖాళీ గిన్నె ఇటు వచ్చేది. అత్తగారి ముఖంలో అంత వెలుగు నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి చూడలేదు. మనవలు కావాలని ఆమె ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. మాకు లేరు. అది వేరే కథ, ఇక్కడ అవసరం లేదు.

జులైలో రెండు సంగతులు జరిగాయి. పెద్ద ఆడ ఊసరవెల్లి మట్టి తవ్వి గుడ్లు పెట్టి, పైన ఆకులు కప్పేసింది. కదిపితే పాడవుతాయని నేను ముట్టుకోలేదు. రెండోది, జాగాలోకి హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళు వచ్చి నారింజరంగు రిబ్బన్లు కట్టిన కర్రలు పాతి వెళ్ళారు. ఇంకో కిటికీల్లేని ఇల్లు లేస్తుందని మా ఆయన ఆఫీస్‌లో విని వచ్చాడు. ఆ తర్వాత నుంచి సాయంత్రాలు ఏదో తేడాగా ఉండేది. ఏంటో వెంటనే పట్టుకోలేకపోయాను. కీచురాళ్ళు అరవడం తగ్గింది. రొద ఒక్కటే మిగిలింది.

"పురుగు ఊరు ఖాళీ చేస్తోందే" అన్నారు అత్తగారు వల దులుపుతూ. వలలో నాలుగు గడ్డిపోచలు, ఒక సాలీడు.

అలా పల్చబడుతూ వచ్చి, ఆగస్టులో ఒక పొద్దున ఉన్నట్టుండి వల నిండింది. ఆ పొద్దున నాకు ఇప్పటికీ గుర్తుంది. పిల్లమిడతలు గడ్డి చివర కూర్చుని ఉన్నాయి, వల తగిలితే ఎగరలేదు. రాలాయి. పచ్చదోమలు గింజల్లా రాలాయి. "ఇవాళ సంత బాగా జరిగింది" అన్నాను. అత్తగారు ఆ పక్క కూర కోస్తున్నారు. ఆకు నిగనిగలాడుతూనే ఉంది. వాడలేదు, మాడలేదు. కలుపుమందు కొడితే ఆకు చెబుతుంది. ఆకు ఏమీ చెప్పలేదు. చుట్టూ చూశాను. జెండా లేదు.

ఇంటికి తెచ్చి పెట్టెలో వేశాను. మూడూ ఆకలి మీద ఉన్నాయేమో, నాలుకలు చాచి చాచి తిన్నాయి. పక్కింటికి పప్పు గిన్నె వెళ్ళింది.

మర్నాడు పొద్దున చిన్న ఆడది ఆకుల మీద వణుకుతూ కనిపించింది. ఎవరూ ముట్టుకోకుండానే. నోరు తెరిచి ఉంది, ఒక కన్ను ముందుకు, ఒక కన్ను వెనక్కు తిరిగి అలాగే ఆగిపోయింది. చేతిలోకి తీసుకున్నాను. ఆ మోటారు ఆగకుండా తిరిగింది, తిరిగింది, మధ్యాహ్నానికి ఆగింది.

నేను ఏడ్చే రకం కాదు. శుభ్రం చేసే రకం. పెట్టెను, లోపలి మట్టి కదలకుండా, అరమీద ఇటూ అటూ జరిపి, తడిగుడ్డతో అర అంతా తుడిచాను. గుడ్డకు దుమ్ము అంటింది. తెల్లగా ఏమీ అంటలేదు. ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఇదంతా రాస్తున్నాననుకోండి.

సాయంత్రం ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్ మీద మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళాను. అత్తగారి మిరప మొక్కకు రెండు వారాలుగా వెదురుపుల్ల ఊతం ఉండేది. దాని స్థానంలో సన్నటి తీగ, దారంతో కట్టి ఉంది. పక్క కుండీలో టమాటకూ అలాంటిదే. తీగ చివర పసుపుపచ్చ ముక్క చుట్ట చుట్టి ఉంది. విప్పాను. జెండా. మీద ఒక బిడ్డ, ఒక కుక్క, వాటి మీదుగా అడ్డగీత. కింద ఏ రోజు కొట్టారో రాయాల్సిన చోట ఖాళీ. ఏం కొట్టారో అసలు లేనే లేదు.

"ఇవి ఎక్కడివి అత్తయ్యా?"

"వెనక జాగాలోవే. ఉత్తినే పడున్నాయి. మొక్కకు ఊతంగా బావుంటాయని పీక్కొచ్చాను."

"ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం. నువ్వు ఫోన్లో ఉన్నావు. ఏమే?"

"ఎన్ని ఉన్నాయి అక్కడ?"

"రెండే. రెండూ తెచ్చాను. కుక్కల్ని తేవద్దని బొమ్మేసి ఉంది, మంచిదే అనుకున్నాను. మనకు కుక్క లేదుగా!"

నేను చెప్పాను. మెల్లగా చెప్పాలని అనుకోలేదు, అనుకున్నా నాకు చేతకాదు. మందు కొట్టిన చోట గుచ్చుతారు అత్తయ్యా ఇది, అన్నాను. ఆమె జెండా వంక చూశారు. వంటింటి వంక చూశారు. పక్కింటి గోడ వంక చూశారు. చేతిలో ఉన్న నీళ్ళ చెంబు డెక్ మీద పెట్టేశారు.

"ఆ పిల్ల నిన్న తినిందే" అన్నారు. అంతే.

రేపు పొద్దున్నే ఆ అమ్మాయికి చెప్పేస్తానన్నాను.

పొద్దున లేచేసరికి మిగతా రెండూ పోయాయి. మగది కొమ్మను పట్టుకునే ఉంది, విడదీయడానికి వేలు వేలూ ఊడదీయాల్సి వచ్చింది. అప్పుడు చూశాను. పెట్టె వెనక, గోడ వారగా, అర మీద తెల్లగీత. మందంగా, ఇటు చివర నుంచి అటు చివరకు.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను తిరిగి చూసేలోపే మాట్లాడారు. పాఠం అప్పజెప్పినట్టు.

"నేనే గీశాను. చీమలు పడుతున్నాయని మొన్నెప్పుడో గీశాను. వద్దన్నావు, మరిచిపోయాను. నావల్లే పోయాయి. జెండాకీ దీనికీ ఏం సంబంధం లేదు. నువ్వా పిల్ల దగ్గరికెళ్ళి ఏం వాగకు."

"నిన్న నేను తుడిచాను అత్తయ్యా. గీత లేదు."

"వెనక చూసి ఉండవు."

"పెట్టె జరిపి తుడిచాను."

"నీ తుడవడం నాకు తెలీదా!" అన్నారు. కానీ ఎప్పటి వెటకారం అందులో లేదు.

మా ఆయన లేచి వచ్చి సంగతంతా విని, చిత్రంగా, ఊపిరి పీల్చుకున్నాడు. "సరే, సుద్ద. అయిపోయింది కదా. ఇంక దీన్ని పెద్దది చెయ్యకు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఆ బిల్డింగ్‌వాళ్ళు మా క్లయింట్‌కి క్లయింటు. కంప్లైంట్ అదీ ఇదీ అని పేరు ఎక్కించకు."

"కలుపులో మందు కొడితే అడగడానికి కూడా గ్రీన్‌కార్డ్ కావాలా?"

"అమ్మే ఒప్పుకుంటోంది కదా, నీకేంటి నొప్పి?"

ఆ మధ్యాహ్నం వంటింట్లోకి వెళితే అత్తగారు ఒక్కరే కూర్చుని అన్నం తింటున్నారు. కంచంలో గంగపాయల పప్పు. ఫ్రిజ్‌లో మిగిలిన కూరంతా వండేశారు. మాకు వేరే గిన్నెలో సొరకాయ.

"పారేయక, తింటారేంటత్తయ్యా అది?"

"పారేస్తే ఎలా తెలుస్తుంది?" అన్నారు తల ఎత్తకుండా.

కంచం లాక్కోబోయాను. నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టు నాకింకా తెలుస్తోంది. కూర అయిపోయే దాకా, రెండు పూటలు అలాగే తిన్నారు. తర్వాత వారమంతా పొద్దున లేవగానే చేతులు ముందుకు చాచి, వేళ్ళు విడదీసి, వణుకుతున్నాయేమో చూసుకునేవారు. నేను చూస్తున్నానని తెలిస్తే కొంగు సర్దుకునేవారు. సుద్దవల్లే పోయాయని నమ్మే మనిషి చేసే పని కాదది. ఎవరైనా నాతో వాదించండి.

ఆమెకు ఏమీ కాలేదు. పెద్ద ఒళ్ళు, రెండు పూటలు. బొటనవేలంత ప్రాణానికి అయినట్టు కాదు. మరి కడుపులో, ఇంకా జానెడు కూడా నిండని ప్రాణానికి? ఆ లెక్క నాకు జువాలజీ చెప్పలేదు.

నేను పక్కింటికి వెళ్ళి చెప్పాను. సుద్ద, జెండా, అన్నీ. ఆ అమ్మాయి కడుపు మీద చెయ్యి వేసుకుని విన్నది. డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. డాక్టర్ అడిగింది ఒకటే ప్రశ్న: ఏ మందు? ఆ ఒక్కటి తెలుసుకోవడానికి నేను ఫోన్ పట్టుకున్నాను. మా కాలనీ అసోసియేషన్ ఆయన ఆ జాగా మాది కాదన్నాడు. కౌంటీ ఆఫీస్‌లో అది ప్రైవేట్ జాగా అన్నారు. బిల్డింగ్ కట్టేవాళ్ళు తాము ఏమీ కొట్టలేదని, మడుగులో దోమల పని ఇంకో కాంట్రాక్టర్ చూస్తాడని అన్నారు. ఆ కాంట్రాక్టర్ పనిని ఇంకొకరికి ఇచ్చాడు. ఆ ఇంకొకరి నంబర్ పనిచేయలేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ కసురుకోలేదు. అందరూ "హ్యావ్ ఎ గుడ్ డే" చెప్పారు. స్కాన్‌లో బిడ్డ బాగానే ఉందన్నారు. బాగానే ఉంది అన్నది జవాబు కాదు. అది వాయిదా.

ఇక గీత సంగతి. ఆమె మాట నిజమో నా మాట నిజమో తేలాలని ఆ గీతను నేను తుడవలేదు. నీ గీత నేను తుడవనని ఒప్పందం కూడా ఉంది కదా. పెట్టె అక్కడే ఉంది, లోపల మట్టిలో గుడ్లున్నాయి. సెప్టెంబర్ చివర్లో ఒక ఉదయం ఆకు మీద ఏదో కదిలింది. గోరు అంచు కంటే చిన్నది. తర్వాత ఇంకోటి. మొత్తం నాలుగు. అదే పెట్టె, అదే మట్టి, అదే గీత. ఈసారి బయటి పురుగు ఒక్కటీ వెయ్యలేదు. సీసాల్లో కుళ్ళిన అరటిపండు పెట్టి పెంచిన రెక్కల్లేని ఈగలు, తడిమట్టిలో ఎగిరే తెల్లని నలుసు పురుగులు, అంతే. నాలుగూ బతికాయి. సుద్ద పక్కన పెద్దవి చచ్చి, గోరంత పిల్లలు బతకడం ఎక్కడైనా ఉందా?

పక్కింటి అమ్మాయిని పిలిచి చూపించాను. నెలలు నిండుతున్నాయి, ఆయాసపడుతూ వంగి చూసింది. నేను చెప్పాల్సింది చెప్పాను.

"అక్కా, నువ్వు చెప్పింది సమజైంది. కానీ నాకు సుద్ద కతనే మంచిగున్నది. దాన్ని గట్లనే ఉండనియ్యి."

"అది నిజం కాదు."

"నిజం నీకేం జేస్తది? నాకు రాత్రి నిద్ర పట్టాలె. నువ్వు వచ్చి చెప్పిన కాన్నుంచి పడ్తలేదు. మందు పేరు తెస్తవా? తే. తేలేకపోతే ఊకో."

తేలేకపోయాను. ఊరుకోనూ లేకపోయాను. ఆమె మా ఇంటికి రావడం తగ్గించింది. సుద్ద కథను నవ్వుతూ మొదట అందరికీ చెప్పింది ఆమే. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు కాబట్టి, ఆ తర్వాత ఆమె ముందు మాత్రం ఎప్పుడూ కాదనలేదు. మిగతా అందరి ముందూ అన్నాను.

అత్తగారు నవంబర్‌లో వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో కూడా పక్కింటి గురించే. "బిడ్డ పుట్టగానే ఫోన్ చెయ్యి. ఏడ్చిందో లేదో కనుక్కో" అన్నారు. డిసెంబర్‌లో ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. ఫోన్లో చెబితే అత్తగారు "వేళ్ళు లెక్కపెట్టారా?" అన్నారు.

ఇప్పుడు ఆ జాగాలో రెండో కిటికీల్లేని ఇల్లు లేచింది. రొద రెండింతలు కాలేదు, కొంచెం లోతయింది, అంతే. నా వల గరాజ్‌లో మేకుకు వేలాడుతోంది. మొన్న వేసవిలో డెక్ మీద దీపం వేసి కూర్చుంటే దాని చుట్టూ ఒక్క రెక్కపురుగు రాలేదు. పక్కింటివాళ్ళు అల్ఫారెట్టా అనే ఇంకో ఊరికి వెళ్ళిపోయారు. పాపకు మూడో ఏడు నడుస్తోంది. నడుస్తుంది, నవ్వుతుంది, పిలిస్తే చూస్తుంది. మాటలు ఇంకా రాలేదు. కొందరికి ఆలస్యం అవుతుందని డాక్టర్లు అన్నారట. అవుతుంది. మా ఆయనకూ నాలుగేళ్ళకు వచ్చాయని అత్తగారే అంటారు. అయినా ఆమె కాకినాడలో మా మరిది ఇంటి నుంచి వీడియో కాల్ చేసిన ప్రతిసారీ, నా ఆరోగ్యం అడగకముందే అడుగుతారు.

"ఆ పిల్ల మాట్లాడుతోందా?"

"ఇంకా లేదంట అత్తయ్యా."

అప్పుడు ఆమె చూపు స్క్రీన్ మీద నుంచి పక్కకు పోతుంది. నేను అడగాలనుకున్నది గొంతులోకి వస్తుంది. ఒకసారి అడిగాను కూడా. "ఏ గీత?" అన్నారు. ఆవకాయ జాడీలో ఏ ఏడు ఎంత ఉప్పు పడిందో చెప్పగల మనిషి. "సుద్దగీత అత్తయ్యా" అన్నాను. "నెట్‌వర్క్ సరిగా లేదమ్మా, వినబడటం లేదు" అన్నారు. నాకు మాత్రం వాళ్ళింట్లో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు కూడా వినపడుతూనే ఉంది.

మందు పేరు ఎవరూ చెప్పరు, అది నాకు తెలిసిపోయింది. నాకు కావాల్సింది అది కూడా కాదిప్పుడు. ఒక్కటీ పోకముందే గీశారా, లేక మొదటిది పోయి, జెండా సంగతి తెలిశాక, మేమందరం పడుకున్నాక లేచి వెళ్ళి గీశారా? మీరు నిజంగా ఆ గీత ఎప్పుడు గీశారు, అత్తయ్యా?